మన రైలుదారి వీరుడు – గేటు కాపరి హంపన్న



ఈ సంచికకు ఏదైనా రాయమని సంఘం పెద్దలు అడిగినప్పుడు మాకు మొదట సేవాలాల్ మహరాజ్ గుర్తొచ్చారు. ఆయన గురించి రాయడానికి మాకంటే బాగా తెలిసిన పెద్దలు ఉన్నారు. మేము యాడికి దగ్గర పిల్లల మధ్య బతికే హాస్టల్ వార్డెన్లం. పొద్దున గంట కొట్టడం, రాత్రి గేటుకు తాళం వేయడం మా పని. అందుకే గేటు దగ్గర పనిచేసిన ఒక మనిషి గురించి రాయాలనిపించింది. ఆయన రాజు కాదు, నాయకుడు కాదు, గురువు కాదు. గుంతకల్లు దగ్గర రైల్వే గేటు కాపరి. పేరు హంపన్న. ఆయన చనిపోయి 130 ఏళ్ళు దాటింది.

హంపన్న మన తండాలో పుట్టినవాడు కాడు. అయినా ఆయన కథ మనది కూడా. ఎందుకో చివరికి మీకే తెలుస్తుంది.

ఆయన కాలం, ఆయన నేల

హంపన్నది గుంతకల్లు దగ్గరి గుళపాళ్యం. ఆ ఊరి పేరుతో కలిపి గుళపాళ్యం హంపన్న అనే అందరూ చెప్పుకున్నారు. హంపి విరూపాక్షుణ్ణి కొలిచే బళ్ళారి, అనంతపురం వైపు హంపన్న, హంపయ్య అనే పేర్లు ఇప్పటికీ వినిపిస్తాయి. అప్పట్లో ఈ ప్రాంతమంతా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. బళ్ళారి నుంచి విడదీసి అనంతపురం జిల్లాను 1882లో ఏర్పాటు చేశారు.

అది ఎట్లాంటి కాలమో మన అవ్వతాతల మాటల్లో కొంత వినే ఉంటారు. 1876 నుంచి 1878 దాకా వచ్చిన కరువును ధాత కరువు అన్నారు, అది ధాత నామ సంవత్సరంలో మొదలైంది కాబట్టి. రాయలసీమలో ఊళ్ళకు ఊళ్ళు ఖాళీ అయ్యాయి. గొడ్లు చచ్చాయి, మనుషులు గంజి కేంద్రాల దగ్గర పడి చచ్చారు. ఆ దెబ్బ నుంచి తేరుకోకముందే 1891–92లో మళ్ళీ వానలు లేవు. మన నేలలో కరువు అనేది చుట్టపుచూపుగా వచ్చేది కాదని మీకు వేరే చెప్పక్కరలేదు. శెనక్కాయ పంట పోయిన ఏడు తండాలో సగం ఇళ్ళకు తాళాలు పడటం మీరూ చూశారు.

అట్లాంటి కాలంలో రైల్వేలో చిన్న పని దొరికినా అది పెద్ద ఆసరా. నెలకు ఇంత అని చేతికి జీతం వస్తుంది, తల దాచుకోవడానికి గేటు పక్కన ఒక గది ఉంటుంది. ఆ పని పోతే మళ్ళీ దొరకడం కష్టం. హంపన్న చేసిన పని విలువ తెలియాలంటే ఈ సంగతి మనసులో పెట్టుకోండి.

రైలు వచ్చింది, మన బారులు ఆగాయి

మద్రాసు నుంచి వచ్చే రైలుదారి కడప, తాడిపత్రి, గుత్తి, గుంతకల్లు, ఆదోని మీదుగా రాయచూరు చేరి, 1871లో బొంబాయి వైపు నుంచి వచ్చే దారితో కలిసింది. మన యాడికి మండలంలోని రాయలచెరువు స్టేషన్ ఆ దారి మీదే ఉంది. తర్వాత గుంతకల్లు నుంచి బళ్ళారి వైపు, నంద్యాల వైపు, బెంగళూరు వైపు కూడా పట్టాలు పడ్డాయి. ఒక పల్లె కాస్తా పెద్ద జంక్షన్ అయింది.

ఈ రైలుకూ మన సుగాలీలకూ ఒక సంబంధం ఉంది. అంతకుముందు సముద్రతీరం నుంచి ఉప్పు, లోపలి పల్లెల నుంచి ధాన్యం ఎద్దుల మీద వేసి మోసింది మన పెద్దలే. దాన్నే మనం లదేణి అంటాం. వందల ఎద్దులు, వెంట ఆడవాళ్ళు, పిల్లలు, కుక్కలు. 1791–92లో మైసూరు మీదికి వెళ్ళిన కారన్‌వాలిస్ సైన్యానికి కూడా ధాన్యం మోసినవాళ్ళు బంజారాలే. రైలు వచ్చాక ఆ బరువంతా బండిపెట్టెల్లోకి పోయింది. మన ఎద్దుల బారులు ఆగాయి. 1882 అడవి చట్టంతో కట్టెలకూ మేతకూ కట్టుబాట్లు వచ్చాయి. ఆ మీదట దేశమంతా తిరిగే కులాలను నేరస్థ జాతులని రాసుకునే చట్టం 1871లో వచ్చింది, 1911లో మన మద్రాసు ప్రెసిడెన్సీకి పాకింది. మన ఎరుకల అన్నదమ్ములు ఆ చట్టం కింద ఎంత నలిగారో వేరే చెప్పాలి. 1952లో అది రద్దయ్యేదాకా పుట్టిన బిడ్డను కూడా అనుమానంగా చూసిన రోజులవి.

ఇదంతా ఎందుకు చెప్తున్నామంటే, ఆ కాలంలో పేదవాడి మాటకు కచేరీలో విలువ ఎంతుండేదో మీకు తెలియాలని. తుపాకీ పట్టిన తెల్లదొర ఒకవైపు, గేటు దగ్గర దీపం పట్టుకున్న నల్లమనిషి ఒకవైపు నిలబడితే, చట్టం ఎటు మొగ్గుతుందో అప్పటి జనానికి బాగా తెలుసు. హంపన్నకూ తెలిసే ఉంటుంది.

గేటు కాపరి పని

రైలు వచ్చే వేళకు రోడ్డును మూయాలి. బండ్లను, గొడ్లను, మనుషులను ఆపాలి. పగలు జెండా చూపాలి, రాత్రి దీపం చూపాలి. రైలు దాటిపోయాక గేటు తీయాలి. ఒక్కసారి కునుకు పట్టినా ప్రాణాలు పోతాయి. పొలిమేరలో ఒంటరిగా చేసే కొలువు అది. ఎవరూ మెచ్చుకోరు. రైలు నిమ్మళంగా వెళ్ళిపోతే ఆ గేటు దగ్గర ఒక మనిషి ఉన్నాడని లోపల కూర్చున్నవాళ్ళకు తెలియను కూడా తెలియదు.

హంపన్న ఎన్నేళ్ళు ఆ పని చేసినా ఎవరూ ఆయన పేరు రాసిపెట్టుకునేవాళ్ళు కాదు. అట్లాంటి మనిషి పేరు ఒక్క రోజుతో మద్రాసు దాకా వెళ్ళింది.

1893 అక్టోబరు 4

ఆ రోజు బ్రిటిష్ సైనికులు కొందరు గుంతకల్లులో ఆగి ఉన్నారు. అప్పట్లో పటాలాలు ఒక దండు నుంచి ఇంకో దండుకు రైల్లోనే వెళ్ళేవి, జంక్షన్లలో మజిలీ చేసేవి. వాళ్ళలో కొందరు ఇద్దరు స్త్రీల వెంటపడ్డారు. ఆ ఇద్దరూ మానం కాపాడుకోవడానికి పరుగెత్తి రైల్వే గేటు దగ్గరికి వచ్చారు. అక్కడ కనబడిన మనిషి హంపన్న.

ఆయన వాళ్ళను గేటు గదిలోకి రానిచ్చి దాచాడు. సైనికులు అక్కడికీ వచ్చారు. హంపన్న అడ్డం నిలబడ్డాడు. ఆయన దగ్గర తుపాకీ లేదు, వెనక పోలీసు లేదు, పక్కన ఊరి జనం లేరు. వచ్చినవాళ్ళు ఈ దేశాన్ని ఏలుతున్న ప్రభుత్వపు సైనికులు. పక్కకు తప్పుకుంటే ఆయనను అడిగేవాళ్ళు లేరు. ఉద్యోగం ఉండేది, ప్రాణం ఉండేది. తప్పుకోలేదు.

ఒక సైనికుడు తుపాకీ పేల్చాడు. గుండు హంపన్నకు తగిలింది. మరుసటి రోజు, అక్టోబరు 5న, ఆయన కన్నుమూశాడు.

ఆ ఇద్దరు స్త్రీలు ఆయనకు అక్కచెల్లెళ్ళు అని గానీ, బంధువులు అని గానీ ఎవరూ చెప్పలేదు. దారిన పోయే ఆడవాళ్ళు. జనం ఈ కథ చెప్పుకున్నప్పుడు ఇద్దరు స్త్రీలు అనే చెప్పుకున్నారు, వాళ్ళ పేర్లు ఊరేగించలేదు. అది మంచిదే. అట్లా బాధపడిన ఆడపిల్ల పేరు బయటపెట్టకూడదని ఈ రోజు మన చట్టమే చెప్తుంది. ఫోన్లో ఏదైనా ముందుకు పంపే ముందు ఈ మాట గుర్తుంచుకోండి.

గుత్తి వకీలు

ఇంతటితో కథ అయిపోవలసిందే. పొలిమేరలో ఒక గేటు కాపరి చచ్చిపోతే రెండు రోజులు మాట్లాడుకుని మరిచిపోతారు. అట్లా జరగకుండా చేసింది గుత్తిలో వకీలుగా ఉన్న పట్టు కేశవ పిళ్ళె. 1885లో బొంబాయిలో జరిగిన మొదటి కాంగ్రెసు సభకు గుత్తి నుంచి వెళ్ళిన మనిషి ఆయన. మద్రాసులో వెలువడే హిందూ పత్రికకు గుత్తి వైపు సంగతులు రాసి పంపేవాడు.

గుంతకల్లులో ఏం జరిగిందో కేశవ పిళ్ళె హిందూ పత్రికకు రాశాడు. అప్పటికి ఆ పత్రిక రోజూ వెలువడుతోంది. దాని సంపాదకుడు జి. సుబ్రహ్మణ్య అయ్యరు. వార్త అచ్చయ్యేసరికి మద్రాసులో చదువుకున్నవాళ్ళంతా గుంతకల్లు గేటు గురించి మాట్లాడుకున్నారు. సర్కారు వారు చూసీ చూడనట్టు ఊరుకునే వీలు లేకుండా పోయింది.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. హంపన్న చేసింది ఒక పని, కేశవ పిళ్ళె చేసింది ఇంకో పని. ఒకరు అడ్డం నిలబడ్డారు, ఒకరు రాశారు. అప్పటి రోజుల్లో తెల్ల సైనికులకు వ్యతిరేకంగా పత్రికలో రాయడం ఒక తాలూకా వకీలుకు తేలికైన పని కాదు. రేపు అదే కచేరీలో, అదే అధికారుల ముందు నిలబడాలి. అయినా రాశాడు. తర్వాత అడవి కట్టుబాట్లతో పల్లె జనం పడే బాధల గురించి కూడా ఆయన ఏళ్ళ తరబడి మాట్లాడాడు. మద్రాసు శాసనమండలికి ఉపాధ్యక్షుడు అయ్యాడు. 1933లో కాలం చేశాడు.

కోర్టులో జరిగింది

ఆష్‌ఫర్డ్ అనే సైనికుడి మీద హత్య కేసు నడిచింది. విచారణ మద్రాసు హైకోర్టులో జరిగింది.

ఈ కేసుకు పదేళ్ళ ముందు, 1883లో, ఇల్బర్ట్ అనే అధికారి ఒక బిల్లు తెచ్చాడు. తెల్లవాళ్ళ మీద నేరం మోపితే జిల్లాల్లోని భారతీయ న్యాయాధికారులు కూడా విచారించవచ్చు అనేది దాని సారం. దేశంలో ఉన్న తెల్లవాళ్ళు పెద్ద గోల చేశారు. చివరికి 1884లో చట్టం వచ్చింది గానీ, తెల్లవాడు కోరుకుంటే జ్యూరీలో సగమైనా తెల్లవాళ్ళే ఉండాలనే షరతుతో వచ్చింది. ఆ కాలపు న్యాయం తూకం ఎట్లా ఉండేదో దీన్నిబట్టి చూసుకోండి.

హంపన్న కేసులో జ్యూరీ ఆష్‌ఫర్డ్ దోషి కాడని తేల్చింది. అతను విడుదలయ్యాడు. చచ్చినవాడు ఉన్నాడు, చంపినవాడు మాత్రం లేడు.

ఈ మాట మా పిల్లలకు చెప్పినప్పుడల్లా తరగతి గది నిశ్శబ్దం అవుతుంది. సినిమాలో అయితే చివరికి దుర్మార్గుడికి శిక్ష పడుతుంది. ఇక్కడ పడలేదు. అయితే హంపన్న ఓడిపోయాడా అని ఒక ఏడో తరగతి పాప మమ్మల్ని అడిగింది. మేము వెంటనే జవాబు చెప్పలేకపోయాం. ఆ ఇద్దరు ఆడవాళ్ళ గురించి ఆలోచించమని మాత్రం అన్నాం. ఆయన చేయాలనుకున్న పని వాళ్ళను కాపాడటం. ఆ పని ఆయన చేశాడు. కోర్టు చేయవలసిన పని కోర్టు చేయలేదు. ఆ తప్పు హంపన్న ఖాతాలో వేయకూడదు.

గుత్తిలోని రాయి

కోర్టు వదిలేసినా జనం వదల్లేదు. హంపన్న సమాధి గుత్తిలో ఉంది. ఆయన ఎవరో, ఎప్పుడు, ఎవరిని కాపాడబోయి చనిపోయాడో తెలిపే రాతను రాతిమీద చెక్కించారు. దానికి చందాలు ఇచ్చినవాళ్ళలో మన దేశస్థులతో పాటు తెల్లవాళ్ళు కూడా ఉన్నారు. అంటే తమ సైనికుడు చేసింది తప్పని తెలిసిన తెల్లవాళ్ళూ ఉన్నారన్నమాట. ఇది కూడా మీకు చెప్పాలి. ఒక మనిషి చేసిన తప్పు అతని జాతికంతా అంటగడితే ఎట్లా ఉంటుందో మనకంటే బాగా ఇంకెవరికి తెలుసు?

గుత్తి కోట చూడటానికి మీలో చాలామంది వెళ్ళి ఉంటారు. మెట్లెక్కి, ఫోటోలు దిగి, కిందికి వచ్చి బస్సెక్కి ఉంటారు. ఆ ఊళ్ళోనే ఒక గేటు కాపరి సమాధి ఉందని ఎంతమందికి తెలుసు? కోట కట్టినవాళ్ళ గురించీ, పట్టుకున్నవాళ్ళ గురించీ పుస్తకాలు ఉన్నాయి. కోట కింద ఊళ్ళో ఒక కూలిమనిషిలాంటివాడికి జనం రాయి నిలిపారు. ఈసారి వెళ్ళినప్పుడు దాన్ని కూడా చూసి రండి.

మా హాస్టల్ గేటు సంగతి

ఇప్పుడు మా తప్పు ఒకటి చెప్పుకోవాలి. కొన్నేళ్ళ క్రితం మేము ఇంకో చోట పనిచేసేటప్పుడు జరిగింది. పండక్కి తండాకు వెళ్ళిన ఒక పాప తిరిగి వచ్చేసరికి చీకటి పడింది. బస్సు ఆలస్యమైంది. రోడ్డు దగ్గర దిగి ఒక్కతే నడిచి వచ్చింది. గేటు మూసే వేళ అప్పటికే దాటింది. వేళ దాటాక మా అనుమతి లేకుండా గేటు తీయకూడదని కాపలా అన్నకు మేమే గట్టిగా చెప్పి ఉన్నాం. ఆ రాత్రి ఆయన మమ్మల్ని అడగకుండానే గేటు తీసి, పాపను లోపలికి పంపి, మళ్ళీ తాళం వేసి, గేటు బయటే కర్ర పట్టుకుని నిలబడ్డాడు.

మరుసటి పొద్దున సంగతి తెలిసి మేము ఆయనను అందరి ముందూ కోప్పడ్డాం. నియమం నియమమే అన్నాం. ఆయన తల దించుకుని విన్నాడు, ఒక్క మాట ఎదురు చెప్పలేదు. రెండు రోజుల తర్వాత పాప మా దగ్గరికి వచ్చి ఏడుస్తూ చెప్పింది, ఆ రాత్రి రోడ్డు నుంచి ఇద్దరు మగవాళ్ళు బండి మీద వెంట వచ్చారని. కాపలా అన్నకు అది కనబడింది. మేము లేచి వచ్చేదాకా ఆగితే ఏమయ్యేదో ఆలోచిస్తే ఇప్పటికీ మా చేతులు వణుకుతాయి. పాప పేరు నలుగురి నోళ్ళలో పడకూడదని ఆయన ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు, తిట్లు మాత్రం పడ్డాడు.

ఆయన దగ్గరికి వెళ్ళి తప్పు ఒప్పుకున్నాం. మళ్ళీ అందరి ముందే ఒప్పుకున్నాం, కోప్పడింది అందరి ముందే కాబట్టి. ఆ రోజు నుంచి మా గేటు నియమం మారింది. ఎంత పొద్దుపోయినా ఆడపిల్ల వస్తే ముందు గేటు తీయాలి, తర్వాత వచ్చి మాకు చెప్పాలి. బీఈడీలో మాకు పాఠం చెప్పడం నేర్పారు. గేటు ఎప్పుడు తీయాలో ఆ కాపలా అన్న నేర్పాడు.

హంపన్న గురించి అంతకుముందే మాకు తెలుసు. పిల్లలకు కథగా చెప్పేవాళ్ళం కూడా. మన ఎదుట నిలబడిన హంపన్నను మాత్రం గుర్తుపట్టలేకపోయాం.

మీరు చేయవలసిన పని

మన తండాల్లో కూడా ఇట్లాంటివాళ్ళు ఉన్నారు. నడిరాత్రి నొప్పులు వస్తే ఆటో మాట్లాడి తోడు వెళ్ళే ఆశా అక్క. బోరు ఎండిన ఎండాకాలంలో తన బావి నీళ్ళు తండా మొత్తానికి వదిలిన రైతు. చదువు మాన్పించి పెళ్ళి చేస్తామంటే ఆ ఇంటి ముందు కూర్చుని ఆపిన పంతులమ్మ. వలస పోయిన ఇళ్ళ ముసలివాళ్ళకు రోజూ సంగటి పెట్టే ఆడబిడ్డ. మన గోరుబోలిలో యాడీ అంటే అమ్మ. యాడికి అన్నప్పుడల్లా మాకు ఆ మాటే వినిపిస్తుంది. అమ్మల్లాంటివాళ్ళు మన చుట్టూ ఉన్నారు, వాళ్ళ పేర్లు ఎక్కడా రాయలేదు.

ఈ సంచిక చదివిన ప్రతి ఒక్కరికీ మూడు పనులు చెప్తున్నాం.

మొదటిది, మీ తండాలో ఒక మనిషిని ఎంచుకోండి. ఆ మనిషి దగ్గర కూర్చుని, ఏ సంవత్సరంలో ఏం జరిగిందో అడిగి, ఒప్పుకుంటే రెండు పేజీలు రాయండి. గొప్పగా రాయక్కరలేదు, నిజంగా రాస్తే చాలు. కేశవ పిళ్ళె రాయకపోతే హంపన్న పేరు గుంతకల్లు పొలిమేర దాటేది కాదు.

రెండోది, ఆపదలో ఉన్న ఆడపిల్ల కనబడితే ఏం చేయాలో ముందే అనుకుని ఉండండి. 112కు ఫోన్ చేయవచ్చు. ఆడవాళ్ళకు 181, పిల్లలకు 1098, రైల్లో అయితే 139. ఈ నంబర్లు ఫోన్లో దాచుకోండి, ఫోన్ లేని చెల్లెళ్ళకు నోటికి నేర్పండి. ఒంటరిగా తుపాకీకి ఎదురు వెళ్ళమని మేము చెప్పడం లేదు. తలుపు తీయమని, నలుగురిని పిలవమని, చూసి పక్కకు తిరగవద్దని చెప్తున్నాం.

మూడోది మగపిల్లలకు. ఆ రోజు గేటు దగ్గర మగవాళ్ళు రెండు రకాలుగా ఉన్నారు. వెంటపడినవాళ్ళు కొందరు, అడ్డం నిలబడినవాడు ఒకడు. మీ స్నేహితుల గుంపులో ఎవడైనా దారిన పోయే పిల్లను ఏడిపిస్తుంటే మీరు ఎటువైపు ఉన్నారో ఆ క్షణంలోనే తేలిపోతుంది. నవ్వి ఊరుకున్నా ఒకవైపే ఉన్నట్టు.

రాయలచెరువు నుంచి గుంతకల్లు వైపు రైలెక్కినప్పుడు దారిలో గేట్లు కనబడతాయి. కొన్నిచోట్ల ఇప్పుడు కింద నుంచి దారి వేశారు. ఇంకా మనిషి ఉన్న గేటు కనబడితే, జెండా పట్టుకుని నిలబడిన ఆ మనిషికి కిటికీలోంచి ఒకసారి చేయి ఊపండి. మా పిల్లలు ఊపుతారు. ఎక్కువమంది తిరిగి ఊపుతారు కూడా.

మీ మేలు కోరే,
హాస్టల్ వార్డెన్ అక్కలం